స్కిట్లు రాసేది నేను, పేరు వాళ్లది. ఉద్యోగం మానేయనా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నా వయసు 25. మాది మిర్యాలగూడ. మాదాపూర్‌లో ఒక కంపెనీలో కస్టమర్ సపోర్ట్ ఉద్యోగం, జీతం 28 వేలు. అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్లో ఉంటాను. కాలేజీలో వేసిన స్కిట్ వీడియో చూసి ఒక టీవీ కామెడీ షోలో టీమ్ లీడర్ పిలిచారు. ఏడాదిగా ఆ టీమ్‌కి స్కిట్లు రాస్తున్నాను. స్కిట్‌కి 3 వేలు ఇస్తామన్నారు. ఒక్కోసారి ఇస్తారు, ఒక్కోసారి ఇవ్వరు. పేరు మాత్రం ఎక్కడా పడదు. రెండుసార్లు భార్య వేషం ఇచ్చారు, రెండు ముక్కల డైలాగ్. నాకు రాయడమూ ఇష్టమే, ఆడటమూ ఇష్టమే. ఏదో ఒకటి తేల్చుకోమంటున్నారు అందరూ. లావు, పొట్టి, నలుపు మీద పంచ్‌లు రాయమంటారు. రాస్తే నాకే బాగుండదు, రాయకపోతే పేలలేదంటారు. ఉద్యోగం మానేసి పూర్తిగా ఇందులోకి దిగనా? ఇంట్లో అమ్మకి నైట్ షిఫ్ట్ అని చెప్పి షూటింగ్‌కి వెళ్తున్నాను. ఒక మేనేజర్ పోర్ట్‌ఫోలియో చేయిస్తే వేషాలు ఇప్పిస్తానని 35 వేలు అడుగుతున్నాడు, కట్టనా? నేను రాసిన స్కిట్ ఒకటి జత చేశాను, చదివి చెప్పండి.
– ఒక పాఠకురాలు, అమీర్‌పేట

జవాబు: అమ్మా, మా చిన్నమ్మాయి వయసుదానివి కాబట్టి ‘నువ్వు’ అనే రాస్తున్నాను. స్కిట్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే నువ్వడిగిన మిగతావాటికి సగం జవాబు అందులోనే ఉంది.

ఆరు పేజీలు రాశావు. మొదటి రెండు పేజీల్లో ఒక కుర్రాడు హాస్టల్ గేటు చుట్టూ తిరుగుతుంటాడు. వాడికి ఇద్దరు ఫ్రెండ్స్ బిల్డప్ ఇస్తారు. హాస్టల్ ఆంటీ లావు మీద నాలుగు పంచ్‌లు పడతాయి. ఇదంతా ఎవరైనా రాయగలరు, రాస్తూనే ఉన్నారు. మూడో పేజీలో పొద్దున్నే ఆరింటికి ఊరి నుంచి ఒక తల్లి పచ్చడి సీసాల సంచీతో దిగుతుంది. కూతురు రాత్రి షూటింగ్‌కి వెళ్లి ఇంకా రాలేదు. తల్లి అడుగుతుంది, ఆంటీ జవాబు చెబుతుంది. నువ్వు రాసిందే ఇక్కడ దించుతున్నాను.

“మా అమ్మాయి లోపలుందా అమ్మా?”

“రాత్రి పది గంటలకు గేటు మూయబడును. లోపల ఉన్నవారు లోపల ఉన్నట్లుగానే భావించబడుదురు.”

గట్టిగా నవ్వాను. అమీర్‌పేట, ఎస్సార్ నగర్ హాస్టళ్లలో ఉన్నవాళ్లకి ఆ గోడలు బాగా గుర్తుంటాయి. గీజర్ ఆరు నుంచి ఎనిమిది వరకు మాత్రమే, గదుల్లో ఇస్త్రీ పెట్టె వాడరాదు, అన్నం పారవేసినచో జరిమానా, అడ్వాన్స్ తిరిగి ఇవ్వబడదు. ఏళ్ల తరబడి అవి రాసి రాసి, చివరికి మామూలుగా మాట్లాడటమే మర్చిపోయిన మనిషిని పట్టుకున్నావు నువ్వు. తెలుగులో ఆ పాత్రను ఎవరూ చేయగా నేను చూడలేదు. కానీ ఆ ఒక్క మాట అనిపించి, ఆమెను గేటు దగ్గరే వదిలేసి మళ్లీ ఆ కుర్రాడి దగ్గరికి వెళ్లిపోయావు. తర్వాత మూడు పేజీల్లో ఆమె కోసం వెతుక్కున్నాను, ఎక్కడా కనబడలేదు.

నా మాట విని మొదటి రెండు పేజీలు తీసెయ్. కుర్రాడినీ తీసెయ్, ఫ్రెండ్స్‌నీ తీసెయ్. మొదలవగానే గేటు, నోటీసు బోర్డు, ఆంటీ. తల్లి వచ్చి అడుగుతుంది, ఆ నోటీసు మాట వస్తుంది. మొదటిసారి జనం కాస్త తికమకపడి నవ్వుతారు. తల్లి కూర్చోడానికి చోటు చూస్తుంది. “కుర్చీ యాజమాన్యం ఉపయోగార్థము మాత్రమే” అంటూ ఆంటీ లేచి, ఆ కుర్చీనే ఆమె ముందుకు జరపాలి. అక్కడ నవ్వు పెరుగుతుంది, ఎందుకంటే నోరు ఒకటి చెబుతోంది, చేతులు ఇంకోటి చేస్తున్నాయి. కూతురు ఫోన్ ఎత్తడం లేదని తల్లికి ఏడుపొస్తుంది. “వరండాలో కన్నీరు కార్చరాదు” అని తన చెంగే అందిస్తుంది. ఈపాటికి జనానికి ఆట తెలిసిపోయింది. తర్వాతి నోటీసు కోసం వాళ్లే ఎదురుచూస్తుంటారు. అప్పుడు కూతుర్ని తీసుకురా. మేకప్ చెరిగిన ముఖంతో గేటు దగ్గర బిక్కచచ్చి నిలబడుతుంది. ఆంటీ ఆమెనొకసారి చూసి, రిజిస్టర్ తెరిచి, నిన్న రాత్రి 9:50 అని రాసి, సంతకానికి పెన్ను ఇస్తుంది. “ఆలస్యంగా వచ్చినవారు ముందుగానే వచ్చినట్లు నమోదు చేయబడుదురు.”

అక్కడ లైట్లు ఆర్పెయ్. ఇంకొక్క డైలాగ్ కూడా వద్దు. ఆరు పేజీలు మూడవుతాయి, ఆడితే ఐదు నిమిషాలు.

ఇక ఆ ఆంటీ వేషం ఎవరు వేయాలి? మీ టీమ్‌కి ఇస్తే ఒక మగాయనకి చీర కట్టి, నిన్ను కూతురిగా గేటు దగ్గర నిలబెడతారు. ఆ గొంతు రోజూ వింటున్నది నువ్వు. ‘బడును’ అనే చోట ఆమె తల ఎలా వంచుతుందో, తాళం చెవుల గుత్తి ఏ చేత్తో తిప్పుతుందో నీకు తెలుసు, ఇంకెవరికీ తెలియదు. జుట్టుకి కాస్త తెల్లరంగు, ముక్కు మీదికి జారిన కళ్లజోడు చాలు, 25 ఏళ్ల పిల్ల 55 ఏళ్ల ఆంటీ అయిపోతుంది. అసలు ఆంటీ పేరు, హాస్టల్ పేరు మాత్రం ఎక్కడా రానివ్వకు, పోలికలు మార్చెయ్.

నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఇదే. పంచ్ ఎవరి నోట్లో పెట్టినా పేలుతుంది. అందుకే మూడు వేలకి కొనుక్కుంటున్నారు, అదీ ఒక్కోసారి ఎగ్గొడుతున్నారు. నీ ఒంటికి, నీ గొంతుకి కుట్టుకున్న పాత్రను మాత్రం నువ్వు లేకుండా ఆడించలేరు. ఏడాదిగా నువ్వు వేరేవాళ్ల కొలతలకి రాశావు. ఇకనుంచి వారానికి కనీసం ఒక్కటైనా నీ కొలతకి రాసుకో.

రచయితా నటా తేల్చుకోమంటున్నారన్నావు. తేల్చుకోవద్దు. ఆకాశవాణిలో పనిచేస్తూ నాటకాలు, సినిమాలు రాసిన గొల్లపూడి మారుతీరావు గారు నటుడిగా తెర మీదికి వచ్చింది 1982లో. నాటకాలు రాసుకుంటూ మాటల రచయితగా వచ్చిన తనికెళ్ల భరణి గారిని 1989లో ‘శివ’లో నానాజీగా చూశాకే జనం నటుడన్నారు. ఎల్బీ శ్రీరామ్ గారిదీ అదే దారి, నాటకం, రేడియో, సినిమా మాటలు, ఆ తర్వాత వేషాలు. రాసినవాడికి డైలాగ్‌లో ఏ మాట మీద ఆగాలో వేరేవాళ్లు చెప్పనక్కర్లేదు. ఆడేవాడికి నోరు తిరగని మాట రాయబుద్ధి కాదు. రెండూ ఒకదాన్నొకటి దిద్దుతాయి.

స్కిట్ల విషయానికే వద్దాం. ఈటీవీలో ‘జబర్దస్త్’ మొదలైంది 2013లో. హైపర్ ఆది అందులోకి అదిరే అభి టీమ్‌కి రాసే మనిషిగా వచ్చాడు, అక్కడే వేషాలు వేస్తూ టీమ్ లీడర్ అయ్యాడు. సుడిగాలి సుధీర్ టీమ్‌లో రాసింది ఆటో రామ్‌ప్రసాద్. అతను ఆటో పంచ్‌లని ఒక ధోరణి పెట్టుకున్నాడు. ఆ పంచ్‌లు వేరేవాళ్ల నోట వినబడితే, అది రామ్‌ప్రసాద్‌ది కదా అంటారు జనం. టైటిల్స్‌లో పేరు పడటం కన్నా అది గట్టి సంతకం. అదే వేదిక మీద టీమ్ నడిపిన వేణు, 2023లో ‘బలగం’ తానే రాసి తీశాడు. హైదరాబాద్ కుర్రాడు నవీన్ పొలిశెట్టి ముంబైలో ఏఐబీ అనే కామెడీ బృందం స్కెచ్ వీడియోల్లో ఆడి పేరు తెచ్చుకుని, 2019లో తాను హీరోగా వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’కి దర్శకుడితో కలిసి రచనలోనూ కూర్చున్నాడు.

ఈ పేర్లన్నీ మగవాళ్లవే, గమనించే ఉంటావు. ఈ వరస చూసి ఆడపిల్లకి ఇందులో చోటు లేదేమో అని మాత్రం అనుకోకు. భానుమతి గారు ‘అత్తగారి కథలు’ రాసి తెలుగు ఇళ్లన్నీ నవ్వించారు, అప్పటికే ఆవిడ పెద్ద నటి. మన కాలంలో యూట్యూబ్‌లో ‘మహాతల్లి’ జాహ్నవి ఇదే హైదరాబాద్‌లో ఉండి, ఇంట్లో ఆడపిల్లకి రోజూ ఎదురయ్యే సంగతులనే ఐదారు నిమిషాల వీడియోలుగా ఆడి లక్షలమందికి చేరువైంది. అమెరికాలో 1975 నుంచి నడుస్తున్న ‘సాటర్‌డే నైట్ లైవ్’ స్కెచ్ షోలో టీనా ఫే 1997లో రచయితగా చేరింది. 1999లో రచయితలందరికీ హెడ్ అయింది, ఆ షోలో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ఆడమనిషి ఆమే. 2000లో షోలోని వార్తల డెస్క్ దగ్గర కెమెరా ముందు కూర్చుంది. అంతకుముందు షికాగోలో చిన్న వేదిక మీద జనం ముందు ఆడి ఆడి నలిగింది. రాయడానికి చేరినా, ఆడటం మాత్రం మానలేదు.

నీకిచ్చిన రెండు ముక్కల భార్య వేషాల గురించి కూడా ఒక మాట. ఇంకా పెద్ద వేషం కావాలని అడిగితే ఇవ్వరు. స్కిట్ రాసేది నువ్వే కదా, భార్యకి ఒక పని పెట్టు. ఆమె కాఫీ తెచ్చి ‘ఏమండీ’ అని వెళ్లిపోతే ఎవరికీ గుర్తుండదు. మొగుడు ఫ్రెండ్స్‌తో గొప్పలు చెప్పుకుంటుంటే, పక్కన కూర్చుని బియ్యం ఏరుకుంటూ ప్రతి గొప్పకీ అసలు తారీఖు, అసలు మొత్తం చెబుతూ పోయే భార్యని రాయి. “ఆ బండి 2019లోది, ఇంకా నాలుగు కిస్తీలున్నాయి.” ఆమెకి కోపం లేదు, వెటకారం లేదు, లెక్క తప్పు చెబితే మనసు ఒప్పుకోదు, అంతే. స్కిట్ నడిచేది ఆమె మీద. టీమ్ లీడర్ పెద్ద వేషం తనదేననుకుంటాడు, అనుకోనీ.

లావు, పొట్టి, నలుపు పంచ్‌ల సంగతి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు, రాయకు. ఆ జోకుకి ఎదురుగా నిలబడ్డ ఆర్టిస్టు షాట్ అయ్యాక ఎలా ఉంటుందో తెర వెనక నువ్వు చూసే ఉంటావు, అందుకే రాయడానికి నీకు చెయ్యి రావడం లేదు. ఆ ఇబ్బంది మంచిదే, దాన్ని చంపుకోకు. వృత్తిపరంగా కూడా అవి నీకు పనికిరావు. ఎవరు రాసినా, ఎవరు చెప్పినా అదే నవ్వు వస్తుంది, అందులో నువ్వెక్కడా ఉండవు. పేలలేదన్నప్పుడు వాదించడం దండగ. రిహార్సల్‌కి ఆ పంచ్ ఉన్న చోట వేరేది రెండు రాసుకుని వెళ్లు, అక్కడికక్కడే చదివి వినిపించు. టైమ్ లేని టీమ్ ముందు చేతికందిందే తీసుకుంటుంది, నీకు కావలసింది కూడా అదే.

పేరు, డబ్బు విషయానికొస్తాను. నేను రేడియోకి హాస్య నాటికలు రాసిన రోజుల్లో పారితోషికం చిన్నదే, కానీ నాటిక అయ్యాక ‘రచన’ అని పేరు చదివేవారు. ఇంటిల్లిపాదీ ఆ ఒక్క క్షణం కోసం రేడియో దగ్గర కూర్చునేవారు. కాబట్టి నీ బాధ నాకు బాగా తెలుసు. ‘రాసేవాళ్లకి పేరెందుకు’ అని ఎవరైనా అంటే నువ్వు సిగ్గుపడాల్సిన పనిలేదు.

చట్టం ఏమంటుందో తెలుసుకుని ఉండు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన మనిషే మొదటి హక్కుదారు. జీతానికి ఉద్యోగిగా పెట్టుకుని రాయించుకుంటే యజమానిదవుతుంది, నువ్వు అలాంటి ఉద్యోగివి కావు. హక్కులు ఇంకొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగా ఉండాలి, సంతకం ఉండాలి. నోటిమాట చాలదు. ఆ కాగితంలో ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకే అని లెక్క. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇంకోటి కూడా గుర్తుపెట్టుకో, ‘హాస్టల్లో ఒక ఆంటీ ఉంటుంది’ అనే ఐడియాకి రక్షణ లేదు. నువ్వు కాగితం మీద పెట్టిన ఆ మాటలకి, ఆ సీన్‌కి ఉంది. అందుకే టీ కొట్టు దగ్గర కాన్సెప్ట్‌లు నోటితో చెప్పడం మానెయ్. పూర్తిగా రాసి, పైన నీ పేరు, తారీఖు వేసి, పీడీఎఫ్ చేసి మెయిల్ పంపు, తర్వాత వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టు. “అన్నా, స్కిట్ మెయిల్ చేశాను. షూటింగ్ రోజుకి పేమెంట్ వేయండన్నా. ఈసారి రచన అని నా పేరు కూడా వేయించండి.” అంతే, ఇంకేం రాయకు. పాత బకాయిలు ఎత్తకు, గొడవ పెట్టుకోకు. ప్రతి స్కిట్‌కీ అదే మెసేజ్ పెడుతూ ఉండు. అడిగినందుకు తీసేస్తారని భయపడతావేమో. వారంవారం కొత్త స్కిట్ కావలసిన టీమ్‌కి, చెప్పిన రోజుకి రాసిచ్చే మనిషి దొరకడం తేలిక కాదు. ఈ బేరంలో నీ బలం నువ్వనుకున్న దానికన్నా ఎక్కువ. రెండు మూడు నెలలు ఇలా చేసినా డబ్బూ, పేరూ రెండూ రాకపోతే నువ్వే తప్పుకో.

అప్పటిదాకా మాత్రం ఆ టీమ్‌ని చులకన చేయకు. గడువుకి రాయడం, రాత్రి రెండింటికి సెట్ మీద డైలాగ్ మార్చడం, ఆరుగురు ఆర్టిస్టులకి ఆరు గొంతులు పంచడం అక్కడే నేర్చుకున్నావు. ఏ కాలేజీలోనూ అంత గట్టి శిక్షణ దొరకదు. వాళ్లకి సందర్భం నడిపే స్కిట్లు ఇవ్వు, నిజాయితీగా బాగా రాసివ్వు. హాస్టల్ ఆంటీని మాత్రం ఇవ్వకు. ఆమెను నువ్వు తీసుకెళ్లాల్సింది జనం ముందుకి.

బంజారాహిల్స్‌లో లామకాన్ ఉంది, 2010 నుంచీ కొత్తవాళ్లకి చోటిస్తున్న జాగా. ఓపెన్ మైక్‌లు జరుగుతుంటాయి, ఏ రోజో కనుక్కుని వెళ్లు. ఈమధ్య జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు కేఫ్‌లలో తెలుగు స్టాండప్ రాత్రులు కూడా పెరిగాయి. అక్కడ నాలుగైదు నిమిషాలే ఇస్తారు, ఒక్కర్తివే ఉంటావు. కాబట్టి తల్లీకూతుళ్ల సీన్ పక్కన పెట్టి, ఆంటీని ఒక్కదాన్నే నిలబెట్టు. హాల్లో ఉన్నవాళ్లందరూ ఇవాళే చేరిన అమ్మాయిలనుకుని వాళ్లకి హాస్టల్ చూపించు. ముందు వరసలో గడ్డం ఉన్న కుర్రాడెవరైనా ఉంటే అతనికి కూడా మంచం నంబర్ ఇవ్వు. తర్వాత ఇద్దరు స్నేహితులు తోడయ్యాక పూర్తి స్కిట్ వేసుకోవచ్చు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో సాయంత్రాలు నాటికలు చూడు, అక్కడి వాళ్లతో పరిచయం చేసుకో. మైకు సరిగ్గా లేకపోయినా చివరి వరసకి గొంతు వినిపించడం వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి.

ఫోన్లో ఆడియో రికార్డు పెట్టుకుని ఆడు. ఇంటికొచ్చి స్క్రిప్టు ముందేసుకుని విను. నవ్వు వచ్చిన చోట ఒక గీత, గట్టిగా వచ్చిన చోట రెండు గీతలు. నువ్వు నవ్వొస్తుందనుకుని ఆగిన చోట నిశ్శబ్దం ఉంటే అక్కడ సున్నా. టీవీలో జడ్జి నవ్విన ముఖాన్ని ఎడిటింగ్‌లో ఎక్కడైనా అతికించవచ్చు, దాన్ని నమ్ముకుని నేర్చుకోలేవు. డబ్బులిచ్చి టీ తాగుతూ కూర్చున్న ముప్పై మందిని అతికించలేం కదా. సున్నాలున్న చోట ముందు మాటలు తగ్గించి చూడు, కొత్త జోకు కలపకు. చాలాసార్లు జోకు బాగానే ఉంటుంది, దాని ముందున్న నాలుగు మాటలు ఎక్కువై చచ్చిపోతుంది.

ఉద్యోగం మానేయకు. ఇప్పుడే వద్దు. బ్రహ్మానందం గారు అత్తిలిలో తెలుగు లెక్చరర్‌గా ఉంటూనే మిమిక్రీ చేశారు, నాటకాలాడారు. దూరదర్శన్‌లో ‘ఆనందో బ్రహ్మ’తో ఇంటింటికీ తెలిసిన ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారిదీ మొదట ప్రభుత్వ ఉద్యోగమే. నెల తిరిగేసరికి హాస్టల్ ఫీజు కట్టగలిగే మనిషి నచ్చని పంచ్ రాయనని చెప్పగలదు. జీతం లేకపోతే ఆ మాట గొంతులోనే ఆగిపోతుంది. యూట్యూబ్ పెట్టుకుంటే డబ్బులొస్తాయని ఎవరైనా అంటే, ప్రకటనల డబ్బు మొదలవ్వాలంటేనే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, దాంతోపాటు ఏడాదిలో 4 వేల గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ గానీ రావాలి. అది దాటాక కూడా మొదట్లో వచ్చేది చిల్లరే. ఛానెల్ పెట్టు, కానీ నీ పేరు మీద నీ పని ఒక చోట ఉండటానికి పెట్టు, అద్దె కోసం పెట్టకు.

మానేయడం ఎప్పుడంటే, కామెడీ మీద వచ్చే డబ్బు, నోటిమాటగా చెప్పింది లెక్కలోకి రాదు, బ్యాంకులో పడిన డబ్బు, వరసగా ఆరు నెలలు నీ హాస్టల్ ఖర్చునీ, ఇంటికి పంపేదాన్నీ దాటినప్పుడు. ఈలోపు రెండు పనులు చెయ్. కంపెనీ వాళ్లిచ్చిన ఆఫర్ లెటర్ తీసి చదువు, బయట పని చేయాలంటే అనుమతి కావాలన్న షరతు చాలావాటిల్లో ఉంటుంది. ఉంటే హెచ్‌ఆర్‌ని అడుగు, టీవీలో కనబడ్డాక వాళ్లే అడిగే పరిస్థితి తెచ్చుకోకు. రెండోది, వీలైతే సాయంత్రానికల్లా అయిపోయే షిఫ్ట్‌కి మార్పించుకో. మాదాపూర్‌లో మెట్రో ఎక్కితే నీ అమీర్‌పేట కన్నా ముందే యూసుఫ్‌గూడ వస్తుంది, కృష్ణానగర్ రిహార్సల్ రూమ్ అక్కడి నుంచి దగ్గరే. ఏడింటికి వెళ్లి తొమ్మిదిన్నరకి హాస్టల్‌కి చేరవచ్చు. రాత్రి షూటింగ్, పొద్దున్నే లాగిన్, ఇలా ఏడాది చేశావంటే నీ ఒళ్లు గట్టిదే, కానీ నిద్రలేని మెదడు నోటీసు ఆంటీలని కనిపెట్టదు, పాత పంచ్‌లనే తిరగరాస్తుంది. నీ స్కిట్‌లో మొదటి రెండు పేజీలు అలాంటి రాత్రి రాసినవే అని నా అనుమానం.

అమ్మ విషయం. పొద్దున్నే ఆరింటికి పచ్చడి సీసాలతో గేటు దగ్గర దిగిన ఆ తల్లి ఎవరో నాకు చెప్పక్కర్లేదు. నువ్వు రోజూ భయపడుతున్నదే స్కిట్‌గా రాశావు. చెప్పెయ్ అమ్మా. రాత్రి రెండింటికి నువ్వెక్కడున్నావో మీ ఇంట్లో ఒక్కరికీ తెలియకపోవడం మంచిది కాదు, రేపేదైనా అయితే వాళ్లు నిన్ను మాదాపూర్‌లో వెతుకుతారు. షూటింగ్ ఉన్న రోజు స్టూడియో పేరు, మేనేజర్ నంబర్ అమ్మకీ, రూమ్మేట్‌కీ పంపు. తిరిగి రావడానికి ప్రొడక్షన్ వాళ్ల బండి ఉంటుందా అని ముందే అడుగు, లేదంటే ఆ రాత్రి షూటింగ్ ఒప్పుకోకు. అమ్మకి ఫోన్లో వద్దు, ఊరెళ్లి ఎదురుగా కూర్చుని చెప్పు. ముందు ఉద్యోగం మానడం లేదని చెప్పి, ఆ తర్వాత స్కిట్ సంగతి ఎత్తు. ఆంటీలా ఒకసారి మాట్లాడి చూపించు. కోప్పడితే పడనీ, నాలుగు రోజులు మాట్లాడకపోవచ్చు. నువ్వు ఎవరితో, ఎక్కడ, ఏం చేస్తున్నావో తెలిసిన కోపం అది, తెలియని దిగులు కన్నా ఆవిడకీ అదే నయం.

చివరిగా ఆ 35 వేలు. కట్టకు. నిజంగా వేషం ఇచ్చేవాళ్లు నీకు డబ్బిస్తారు, నీ దగ్గర తీసుకోరు. కృష్ణానగర్ చుట్టూ పోర్ట్‌ఫోలియో పేరుతో, కార్డు పేరుతో, కోఆర్డినేటర్ ఫీజు పేరుతో కొత్తవాళ్ల జీతాలు ఇలాగే పోతుంటాయి. ఆడిషన్‌కి పెద్ద ఆల్బమ్ అక్కర్లేదు. పగటి వెలుగొచ్చే కిటికీకి ఎదురుగా, ఖాళీ గోడ ముందు నిలబడి రూమ్మేట్‌తో ఫోన్లో రెండు వీడియోలు తీయించుకో. ఒకదాంట్లో పేరు, ఎత్తు, వచ్చిన భాషలు నీ మామూలు గొంతుతో నిమిషంలో చెప్పు. రెండోదాంట్లో ఆంటీ. మేకప్ లేని ఫోటోలు రెండు చాలు, ఒకటి దగ్గర్నుంచి, ఒకటి నిలువుగా. ఆ మేనేజర్ మళ్లీ ఫోన్ చేస్తే ఈ వీడియోలు పంపి, వేషం ఖాయమయ్యాక నా పేమెంట్‌లోంచి కమిషన్ తీసుకోండి సార్ అను. ఒప్పుకోకపోతే నంబర్ బ్లాక్ చెయ్.